పంట కాపలాకు మంచి బైనాక్యులర్ ఎంచుకోవడం ఎలా?

అడవి అంచు గ్రామాల్లో మొక్కజొన్న కంకి పాలు పోసుకునే దశకు రాగానే రైతుకు నిద్ర కరువవుతుంది. వేరుశనగ, చెరకు, వరి, కంది, చిలగడదుంప వేసిన వారిదీ ఇదే పరిస్థితి. సందె చీకటి పడగానే అడవి పందులు గుంపుగా దిగుతాయి. నారాయణపేట, కర్నూలు జిల్లాల నల్లరేగడి భూముల్లో కృష్ణ జింకలు, చిత్తూరు, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ఏనుగులు, ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్లు రైతులను ఇబ్బంది పెడుతున్నాయి. రాత్రంతా మంచె మీద కూర్చునే రైతు చేతిలో సాధారణంగా ఒక టార్చి లైటు, ఒక డబ్బా, ఒక కర్ర మాత్రమే ఉంటాయి.

చేనులో ఏదో కదిలినప్పుడు అది ఏమిటో తెలుసుకోవాలంటే దిగి దగ్గరకు వెళ్లక తప్పడం లేదు. ప్రమాదాలు అక్కడే జరుగుతున్నాయి. కొన్నేళ్ల క్రితం నేను పని చేసిన మండలంలో ఒక రైతు ఊర కుక్క అనుకుని మొక్కజొన్న సాళ్లలోకి నడిచారు. అది పిల్లలతో ఉన్న ఆడ పంది. తొడ చీలి మూడు నెలలు మంచం పట్టారు. ఆ చేను మంచెకు 150 మీటర్ల దూరంలోనే ఉంది. ఆయన దగ్గర సరైన బైనాక్యులర్ ఉంటే మంచె దిగే అవసరమే వచ్చేది కాదు.

ఈ మధ్య రైతులు బైనాక్యులర్లు కొంటున్నారు. అయితే చాలామంది 'ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది' అన్న ఒక్క విషయమే చూసి మోసపోతున్నారు. నేనూ మోసపోయినవాడినే. ఒక ఎగ్జిబిషన్‌లో ఎర్రటి అద్దాలున్న 'జూమ్' బైనాక్యులర్ కొన్నాను. మిట్ట మధ్యాహ్నం ఫర్వాలేదనిపించింది. సాయంత్రం ఆరున్నరకు అందులో నల్లటి గుండ్రం తప్ప ఏమీ కనిపించలేదు. పంటకు నష్టం జరిగేది ఆ ఆరున్నర తర్వాతే కదా! పంట కాపలాకు కావలసింది పెద్ద పవర్ కాదు, మసక వెలుతురులో స్పష్టంగా, వణుకు లేకుండా చూపించే పరికరం. దాన్ని ఎలా గుర్తించాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందుగా చట్టం గురించి

విదేశాల్లో బైనాక్యులర్లను ఎక్కువగా వేటగాళ్ల కోసం తయారు చేసి అమ్ముతారు. జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో అనుమతి ఉన్న వేటగాళ్లు మన మంచె లాంటి ఎత్తైన చెక్క గూళ్లలో కూర్చుని సందె వేళ అడవి పందుల కోసం కాచుకుంటారు. వారికి ఉపయోగపడే గుణాలే మన కాపలాకూ కావాలి. అందుకే పెట్టె మీద 'హంటింగ్' అని రాసి ఉన్నా రైతు కొనుక్కోవచ్చు.

మన దేశంలో మాత్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వేట నేరం. అడవి పంది కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. పంటకు, ప్రాణానికి ప్రమాదకరంగా మారిన జంతువుల విషయంలో అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి, ఆయన అధికారమిచ్చిన వారికి మాత్రమే ఉంది. రైతు సొంతంగా ఉచ్చులు పెట్టడం, నాటు బాంబులు వాడటం, చేను చుట్టూ తీగకు నేరుగా కరెంటు ఇవ్వడం చేయరాదు. ఆ కరెంటు తీగ పందిని ఆపే లోపు పక్క పొలం రైతునో, సొంత ఇంటి మనిషినో బలి తీసుకుంటోంది.

8×42 అంటే అర్థం ఏమిటి?

ప్రతి బైనాక్యులర్ మీద 8×42, 10×50 లాంటి రెండు అంకెలు ఉంటాయి.

• మొదటి అంకె పవర్. 8 అంటే 400 మీటర్ల దూరంలోని జంతువు 50 మీటర్లలో ఉన్నట్లు కనిపిస్తుంది.

• రెండో అంకె ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. ఇది ఎంత పెద్దదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. 25 మి.మీ. అద్దంతో పోలిస్తే 42 మి.మీ. అద్దం సుమారు 2.8 రెట్లు ఎక్కువ వెలుతురు పడుతుంది.

ఇప్పుడు రెండో అంకెను మొదటి అంకెతో భాగించండి. 42ను 8తో భాగిస్తే 5.25 వస్తుంది. కంటి వైపు అద్దం నుంచి బయటకు వచ్చే వెలుతురు వృత్తం వెడల్పు 5.25 మి.మీ. అన్నమాట. పంట కాపలాకు అతి ముఖ్యమైన లెక్క ఇదే.

ఎండలో మన కంటి పాప 2–3 మి.మీ.కు ముడుచుకుంటుంది. చీకట్లో యువకులకు 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది. వయసు పెరిగే కొద్దీ ఇది తగ్గుతుంది. యాభై దాటిన చాలామందికి 5 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. బైనాక్యులర్ ఇచ్చే వృత్తం కంటి పాప కంటే చిన్నదైతే దృశ్యం మసకగా కనిపిస్తుంది. పాప కంటే పెద్దదైతే అదనపు వెలుతురు కంట్లోకి వెళ్లదు, వృథా అవుతుంది.

మార్కెట్లో దొరికే రకాలకు ఈ లెక్క ఇలా ఉంటుంది:

• 10×25 (జేబులో పట్టేది): 2.5 మి.మీ. పగలు మాత్రమే.
• 20×50: 2.5 మి.మీ. చూడటానికి పెద్దగా ఉన్నా సందె వేళకు పనికిరాదు.
• 10×42: 4.2 మి.మీ. విశాలమైన మైదాన పొలాలకు బాగుంటుంది.
• 8×42: 5.25 మి.మీ. ఎక్కువ మంది రైతులకు సరైన ఎంపిక.
• 10×50: 5 మి.మీ. వెలుతురు బాగుంటుంది. బరువు, చేతి వణుకు కొంత ఎక్కువ.
• 7×50: 7.1 మి.మీ., 8×56: 7 మి.మీ. మసక చీకటికి, వెన్నెల రాత్రులకు మేలు. బరువు ఎక్కువ కనుక మంచె మీద కట్టె ఆనించి వాడాలి. యూరప్ వేటగాళ్లు సందె వేళ 8×56 వాడటానికి కారణం ఇదే.

యాభై దాటిన రైతులు 8×56 కోసం అదనపు ఖర్చు పెట్టనవసరం లేదు. 8×42 ఇచ్చే వెలుతురే వారి కంటికి సరిపోతుంది. ఇంట్లో కొడుకులు, యువకులు కాపలా కాస్తుంటే 7×50, 8×56 గురించి ఆలోచించవచ్చు.

ఎక్కువ పవర్ ఎందుకు వద్దు?

1. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. 10 దాటిన పవర్‌ను చేత్తో నిలకడగా పట్టుకోవడం కష్టం, స్టాండు కావాలి.

2. కనిపించే వెడల్పు తగ్గిపోతుంది. 8 పవర్‌లో 1000 మీటర్ల దూరంలో సుమారు 130 మీటర్ల వెడల్పు ఒకేసారి కనిపిస్తుంది. 20 పవర్‌లో అది 55 మీటర్ల దగ్గర ఉంటుంది. కదిలే గుంపును వెతికి పట్టుకునే లోపే అది పక్క చేనులోకి వెళ్లిపోతుంది.

3. పైన చూసినట్లు వెలుతురు తగ్గుతుంది.

'10 నుంచి 180 రెట్లు' లాంటి రాతలను నమ్మకండి. చేతిలో పట్టే బైనాక్యులర్‌లో అంత పవర్‌తో పనికొచ్చే దృశ్యం రాదు. తక్కువ ధరలో దొరికే జూమ్ రకాలకు దూరంగా ఉండటం మంచిది.

అద్దం, పూత, పట్టకం

రెండు బైనాక్యులర్ల మీద 8×42 అనే ఉన్నా ఒకటి రెండు వేలకు, ఇంకొకటి ఇరవై వేలకు అమ్ముతారు. తేడా లోపలి అద్దాల్లో ఉంటుంది.

పూత: పూత లేని అద్దం ప్రతి ముఖం దగ్గర సుమారు 4 శాతం వెలుతురును వెనక్కి తిప్పి కొడుతుంది. బైనాక్యులర్ లోపల ఇలాంటి ముఖాలు పది పైనే ఉంటాయి. అంటే మూడో వంతుకు పైగా వెలుతురు దారిలోనే పోతుంది. అందుకే అన్ని ముఖాలకూ పలు పొరల పూత వేసిన 'ఫుల్లీ మల్టీ కోటెడ్' రకమే తీసుకోవాలి. ఉత్త 'కోటెడ్' అని ఉంటే కొన్ని ముఖాలకే పూత వేశారని అర్థం. అద్దం లేత ఆకుపచ్చ, ఊదా రంగుల్లో సన్నగా మెరిస్తే మంచి సూచన. మాణిక్యం లాంటి ఎర్ర పూత చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ కంటికి చేరాల్సిన ఎర్ర వెలుతురును బయటకు తిప్పేస్తుంది. గోధుమ రంగు జంతువు ఎండు ఆకుల్లో కలిసిపోయి కనిపించదు.

పట్టకం: లోపల బొమ్మను నిటారుగా తిప్పే గాజు దిమ్మలను పట్టకాలు, అంటే ప్రిజమ్‌లు అంటారు. వీటికి బీఏకే-4 గాజు మేలైనది, బీకే-7 చౌక రకం.

ఆకారం: గొట్టాలు మెలిక తిరిగి భుజాలున్నట్లు కనిపించేది 'పోరో' రకం. గొట్టాలు తిన్నగా ఉండేది 'రూఫ్' రకం. రూఫ్ రకం సన్నగా ఉంటుంది, తేమను బాగా ఆపుతుంది. కానీ దాన్ని బాగా తయారు చేయడానికి ఖర్చు ఎక్కువ. తక్కువ బడ్జెట్‌లో అదే ధరకు పోరో రకంలోనే సాధారణంగా మంచి దృశ్యం వస్తుంది. రూఫ్ రకం కొంటే 'ఫేజ్ కోటింగ్' ఉందో లేదో అడగండి.

'ఈడీ' గాజు ఉంటే అంచుల వద్ద ఊదా, పసుపు చారలు తగ్గుతాయి. ఉంటే మంచిదే. దాని కోసం అప్పు చేయనవసరం లేదు.

కళ్లద్దాలు పెట్టుకునే రైతులకు

దూరపు చూపు కోసమో, వంకర చూపు కోసమో కళ్లద్దాలు వాడేవారు వాటిని తీయకుండానే చూడవచ్చు. అందుకు 'ఐ రిలీఫ్' 16 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది తీసుకోవాలి. ఇది తక్కువగా ఉంటే దృశ్యం మధ్య భాగమే కనిపిస్తుంది. కంటి వైపు రబ్బరు గిన్నెలను లోపలికి తిప్పుకోవాలి లేదా మడుచుకోవాలి. చదవడానికి మాత్రమే కళ్లద్దాలు వాడేవారు వాటిని తీసేసి చూస్తే సరిపోతుంది.

వాన, మంచు, బూజు

మన వాతావరణంలో బైనాక్యులర్లు పాడవడానికి పెద్ద కారణం లోపలికి చేరిన తేమ, దాని వల్ల పట్టే బూజు. లోపల నైట్రోజన్ నింపి మూసిన రకం తీసుకుంటే లోపల ఆవిరి పట్టదు. ఐపీఎక్స్7 అని ఉంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా నీరు చేరదని అర్థం. వానాకాలం కాపలాకు ఇది చాలా ఉపయోగం. పైన రబ్బరు తొడుగు ఉంటే తడి చేతుల నుంచి జారదు.

కొనే ముందు చేయాల్సిన ఐదు పరీక్షలు

1. వృత్తం పరీక్ష: బైనాక్యులర్‌ను ఒక చాచిన చేయి దూరంలో పట్టుకుని ఆకాశం వైపు తిప్పి కంటి అద్దాలను చూడండి. రెండు తెల్లటి వృత్తాలు కనిపిస్తాయి. అవి నిండు గుండ్రంగా ఉంటే మంచి పట్టకం. అంచులు బూడిద రంగులో కోసినట్లు, పలకలుగా ఉంటే చౌక రకం.

2. ట్యూబ్‌లైట్ పరీక్ష: ముందు అద్దంలో ట్యూబ్‌లైట్ నీడ చూడండి. నీడలన్నీ రంగుల్లో ఉంటే పూత సరిగా ఉంది. మధ్యలో తెల్లటి నీడ మెరిస్తే ఆ ముఖానికి పూత లేదు.

3. స్తంభం పరీక్ష: దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని రెండు నిమిషాలు చూడండి. స్తంభం రెండుగా చీలినట్లు అనిపించినా, కళ్లు లాగినా, తల నొప్పి వచ్చినా రెండు గొట్టాలు ఒకే దిశలో లేవని అర్థం. అది ఎంత తక్కువ ధరకు వచ్చినా వద్దు.

4. చక్రం పరీక్ష: మధ్యలోని ఫోకస్ చక్రం సాఫీగా, వదులు లేకుండా తిరగాలి. మడత కీలు మరీ లూజుగా ఉండకూడదు.

5. సందె పరీక్ష: ఇదే అసలైన పరీక్ష. పగలు దుకాణం బయట అన్నీ బాగానే కనిపిస్తాయి. వీలైతే సాయంత్రం వెళ్లి చెట్టు కింద నీడలో ఉన్న వస్తువును చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఉన్న చోటే కొని, అదే రోజు సందె వేళ పొలంలో పరీక్షించండి. నచ్చకపోతే గడువు లోపు తిప్పి పంపండి.

ఎంత ఖర్చు పెట్టాలి?

రెండు వేల లోపు దొరికేవి ఎక్కువగా పిల్లల ఆట వస్తువులే. పేరున్న కంపెనీల 8×40, 8×42 పోరో రకాలు సుమారు ఐదారు వేల నుంచి పది వేల లోపు దొరుకుతాయి. నీరు చేరని రకానికి ఇంకొంత పెట్టాలి. స్వరోవ్‌స్కీ, జైస్ లాంటి యూరప్ కంపెనీల మేలు రకాలు లక్ష రూపాయలు దాటుతాయి. పంట కాపలాకు అంత అవసరం లేదు. ధరలు మారుతుంటాయి కనుక రెండు మూడు చోట్ల విచారించి, బిల్లు, వారంటీ కార్డు తీసుకోండి.

ఒక్కరికే భారమనిపిస్తే నలుగురైదుగురు కలిసి ఒకటి కొనవచ్చు. రైతు ఉత్పత్తిదారుల సంఘం తరఫున కొని, వంతుల వారీగా మంచెలకు ఇచ్చుకోవచ్చు. రెండు వేలవి ఐదు కొనే కంటే పది వేలది ఒకటి కొనడం మేలు.

కళ్లకు సరిచేసుకునే పద్ధతి

చాలామంది ఇది చేయకుండానే 'సరిగా కనిపించడం లేదు' అంటుంటారు.

1. రెండు గొట్టాలను దగ్గరకు, దూరానికి మడుస్తూ రెండు వృత్తాలు ఒకే వృత్తంగా కనిపించే చోట ఆపండి.
2. కుడి వైపు ముందు అద్దాన్ని చేత్తో మూసి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి ఒక బోర్డు స్పష్టంగా కనిపించేలా చేయండి.
3. ఇప్పుడు ఎడమ వైపు అద్దం మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న రింగును తిప్పి అదే బోర్డును స్పష్టంగా చేసుకోండి.
4. రెండు కళ్లతో చూడండి. రింగు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఇక దూరం మారినప్పుడు మధ్య చక్రం తిప్పితే చాలు.

ఈ గుర్తు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కలిసి వాడుకునేవారు ఎవరి గుర్తు వారు గుర్తుంచుకోవాలి.

మంచె మీద వాడే విధానం

• మోచేతులను మంచె కట్టెకు ఆనించండి. ఇసుక లేదా ఊక నింపిన చిన్న సంచి మీద పెడితే వణుకు ఇంకా తగ్గుతుంది.

• గాలి చేను వైపు నుంచి మీ వైపు వీచే చోట కూర్చోండి. అడవి పందికి చూపు తక్కువ, వాసన పట్టే శక్తి ఎక్కువ.

• ముందు మామూలు కళ్లతో చేను మొత్తం చూడండి. కదలిక కనిపించిన చోటు నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరకు తెచ్చుకోండి. కదలిక లేకపోతే చేను గట్ల వెంట ఒక వైపు నుంచి ఇంకో వైపుకు నెమ్మదిగా వెతకండి. పందులు తరచూ అలవాటైన దారినే వస్తాయి.

• బాగా చీకటి పడ్డాక బైనాక్యులర్ ఒక్కటే చాలదు. ఒకరు మంచె మీద నుంచి టార్చి వేస్తే ఇంకొకరు చూడాలి. జింక, నక్క, కుక్క, పశువుల కళ్లు వెలుతురుకు మెరుస్తాయి. అడవి పంది కళ్లు అలా మెరవవు. అందువల్ల కళ్లు మెరవలేదు కదా అని చేనులోకి దిగకండి. ఆకారం, కదలిక చూసి నిర్ధారించుకోండి.

• పంది, ఎలుగుబంటి, ఏనుగు అని తేలితే మంచె దిగవద్దు. డబ్బా మోగించండి, పక్క మంచెలకు ఫోన్ చేయండి. ఏనుగు అయితే వెంటనే అటవీ సిబ్బందికి తెలపండి.

• ఎన్ని గంటలకు, ఎటు నుంచి, ఎన్ని వచ్చాయో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. సోలార్ కంచె ముందు ఏ వైపు వేయాలో తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. నష్టపరిహారం కోసం అటవీ శాఖకు దరఖాస్తు చేసేటప్పుడు పొలం ఫోటోలతో పాటు ఈ వివరాలు ఉంటే మంచిది.

పగటి పూట కూడా ఉపయోగమే

కొబ్బరి చెట్టు ఎక్కకుండానే మొవ్వు దగ్గరి మట్టలను చూడవచ్చు. ఆకులు 'వి' ఆకారంలో కత్తిరించినట్లుంటే కొమ్ము పురుగు ఆశించినట్లు. ఆకులపై నల్లటి మసి కనిపిస్తే తెల్లదోమ ఉందేమో పరిశీలించాలి. మామిడి చిటారు కొమ్మల పూత, పొద్దుతిరుగుడు, జొన్న చేలపై వాలే చిలుకలు, కాలువ చివరి భూములకు నీరు చేరిందో లేదో గట్టు మీద నుంచే చూసుకోవచ్చు.

జాగ్రత్తలు

• బైనాక్యులర్‌తో సూర్యుడిని ఎప్పుడూ చూడకూడదు. క్షణంలో కంటి చూపు శాశ్వతంగా దెబ్బతింటుంది. పిల్లలకు ఇవ్వకండి.

• అద్దాలను తువాలుతో, పంచె అంచుతో తుడవకండి. దుమ్ము రేణువులు పూతను గీస్తాయి. ముందు మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, తర్వాత కళ్లద్దాల గుడ్డతో తుడవాలి.

• పురుగు మందుల డబ్బాల పక్కన, ఎండలో బండి మీద పెట్టకండి.

• వానాకాలంలో గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. తడిసిన గుడ్డ సంచిలో పెడితే అద్దాలకు బూజు పడుతుంది. నీరు చేరని రకాన్ని సొంతంగా విప్పకండి.

రైతులు తరచూ అడిగే ప్రశ్నలు

రాత్రి చూపే డిజిటల్ పరికరాలు, థర్మల్ పరికరాలు కొనవచ్చా?
డిజిటల్ నైట్ విజన్ పరికరం కంటికి కనిపించని పరారుణ కాంతిని వేసి చూపిస్తుంది. థర్మల్ పరికరం జంతువు ఒంటి వేడిని చూపిస్తుంది, చీకటితో పని లేదు. కానీ దాని ధర పదుల వేలల్లో ఉంటుంది. గుబురుగా ఉన్న ఆకుల వెనక ఏముందో అది కూడా చూపలేదు. ఒక రైతుకు భారం, సంఘం తరఫున ఆలోచించవచ్చు. మామూలు బైనాక్యులర్ అమ్ముతూ 'నైట్ విజన్' అని రాసి ఉంటే నమ్మకండి.

ఫోన్ జూమ్ సరిపోదా?
ఫోటో తీయడానికి సరిపోతుంది. మసక వెలుతురులో కదిలే జంతువును వెతకడానికి సరిపోదు. పైగా ఫోన్ తెర వెలుగు మీ కళ్లకు చీకటి అలవాటును పోగొడుతుంది. తిరిగి అలవాటు పడటానికి చాలా నిమిషాలు పడుతుంది.

పాత బైనాక్యులర్ కొనవచ్చా?
కొనవచ్చు. ముందు అద్దంలోంచి టార్చి వేసి లోపల చూడండి. సాలెగూడు లాంటి దారాలు, పొగ లాంటి పొర కనిపిస్తే అది బూజు. అలాంటిది వద్దు.

గుర్తుంచుకోవలసినవి

8×42, ఫుల్లీ మల్టీ కోటెడ్, బీఏకే-4 పట్టకం, నీరు చేరని రకం. ఈ నాలుగు మాటలు చీటీ మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. పంట నష్టం, కంచె పథకాల గురించి మీ రైతు సేవా కేంద్రంలో లేదా రైతు వేదిక వద్ద వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. పోయిన పంటను వచ్చే కారులో మళ్లీ వేసుకోవచ్చు, ప్రాణాన్ని తెచ్చుకోలేం. చేనులో ఏముందో తెలియనప్పుడు మంచె దిగకండి.